ఇసుకను నమ్మని పైలట్

తాండూరు పక్కన కాగ్నా నదిలో ఎండాకాలం బండి దింపినవాళ్ళకు ఇసుక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైకి చదునుగా, గట్టిగా కనబడుతుంది. నాలుగు అడుగులు పోగానే చక్రాన్ని పట్టేసుకుంటుంది. ఎద్దులు ముందుకు గుంజుతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బండి కాబట్టి నలుగురు దిగి చక్రానికి భుజం పెడితే సరిపోతుంది. అదే ఇసుక మీదికి ఆకాశం నుంచి విమానంతో దిగేవాడి గతేమిటి? చక్రాలు ఒక్కసారిగా ఆగిపోతే వెనక ఉన్న బరువంతా ముందుకు తూలుతుంది. ముక్కు నేలకు గుద్దుకుంటుంది, పంకా రెక్కలు వంగిపోతాయి. చుట్టూ అడవి. భుజం పెట్టేవాడు లేడు.

1956 జనవరి 3న దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశంలో, కురరాయ్ అనే నది ఒడ్డున నేట్ సెయింట్ దిగింది అలాంటి ఇసుక మీదే. అయిదు రోజుల తర్వాత అదే ఇసుక మీద మరో నలుగురు మిషనరీలతోపాటు బల్లెం పోట్లకు ప్రాణం విడిచాడు. ఆ హతసాక్షుల కథ మన సంఘాల్లో చాలామంది విన్నదే. వికారాబాద్, తాండూరు మెథడిస్టు సంఘాల పెద్దలకు జిమ్ ఎలియట్ పేరు చెబితే వెంటనే గుర్తుపడతారు. అయితే బల్లేల దగ్గరే మొదలై బల్లేల దగ్గరే ముగిసే ఆ కథలో విమానం నడిపినవాడి సంగతి సాధారణంగా రెండు వాక్యాల్లో తేలిపోతుంది. మాకు ఎక్కువ విలువైనదిగా అనిపించేది ఆ రెండు వాక్యాల్లో మిగిలిపోయిన జీవితమే.

ఈ విషయం రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2019 అక్టోబరు 6న, ఒక ఆదివారం నాడు, వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర పొలాల్లో ఒక చిన్న శిక్షణ విమానం కూలిపోయింది. అందులో ఉన్న ఇద్దరు యువ శిక్షణార్థులు చనిపోయారు. చిన్న విమానమంటే అప్పటిదాకా మనకు తల పైన వినబడే చప్పుడు మాత్రమే. ఆ రోజు అది మన చేలలో, మన మట్టిలో పడింది. ఎక్కడో సముద్రాల అవతల జరిగే సంగతి కాదని తెలిసింది. అది ముక్కు కింద చక్రం ఉన్న రకం. నేట్ నడిపినవి పాత రకం, తోక కింద చిన్న చక్రం ఉన్నవి. ఆ తేడా చిన్నదే అయినా ఆయన జీవితమంతా ఆ తేడా చుట్టూ తిరిగింది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

తోకచక్రపు విమానానికి ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక ఒక చిన్న చక్రం ఉంటాయి. నేల మీద నిలబడితే ముక్కు పైకెత్తి, తోక దించి కూర్చున్నట్టు ఉంటుంది. పంకా నేలకు బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి రాళ్ళు, గడ్డి, గుంతలు ఉన్నచోట దిగడానికి అనువు. అందుకే అడవుల్లో, కొండల్లో తిరిగేవాళ్ళు దాన్నే కోరుకున్నారు. చిక్కేమిటంటే దాని బరువు పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. మూడు చక్రాల రిక్షాను వెనక్కి నెట్టుకుంటూ పరుగెత్తిన పిల్లలను అడగండి, కొంచెం పక్కకు తిరిగిందంటే చాలు, మొత్తం గిర్రున తిరిగిపోతుంది. ఈ విమానమూ అంతే. దిగాక కాస్త వంకరపోయినా తోక పక్కకు కొట్టుకొచ్చి రెక్క నేలకు రాసుకుంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు మీద పడుతుంది. దానికి తోడు లేచి ఉన్న ముక్కు అడ్డం రావడం వల్ల నేల మీద పోతున్నప్పుడు పైలట్‌కు ఎదురుగా ఏమీ కనిపించదు. కాబట్టి చక్రాలు నేలను తాకగానే పని అయిపోయిందని ఊపిరి పీల్చుకునే పైలట్‌కు ఈ విమానం పనికిరాదు. ఆగి నిలబడేదాకా కాళ్ళూ చేతులూ కనిపెట్టుకునే ఉండాలి.

నేట్ 1923 ఆగస్టు 30న అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. తండ్రి లారెన్స్ సెయింట్ చర్చి కిటికీలకు రంగుటద్దాల బొమ్మలు చేసే పేరున్న కళాకారుడు. ఎనిమిది మంది పిల్లల ఇల్లు. నేట్‌ను ఎక్కువగా చూసుకున్నది అక్క రేచెల్. ఈ అక్క పేరు గుర్తుంచుకోవాలి, కథలో మళ్ళీ వస్తుంది. అన్న శామ్ పైలట్. ఏడేళ్ళ వయసులో తమ్ముణ్ణి మొదటిసారి విమానమెక్కించింది ఆయనే. ఆ పిచ్చి ఇక పోలేదు. కౌమారంలో కాలి ఎముకకు చీము పట్టే జబ్బు వచ్చింది. తగ్గింది గానీ, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి విమాన శిక్షణకు సిద్ధమైన వేళ ఆ పాత పుండు మళ్ళీ రేగింది. సైనిక పైలట్ కావాలన్న ఆశ అక్కడితో ఆగిపోయింది. సైన్యం ఆయనకు మెకానిక్ పని ఇచ్చింది. ఎగరాలని పోయినవాడికి రెంచీ చేతికిచ్చి విమానం కడుపు కిందికి పంపారు. అప్పుడు అది దెబ్బే. తర్వాత చూస్తే, ఆయన చేసిన ప్రతి మంచి పనికీ పునాది ఆ మెకానిక్ కొలువే.

యుద్ధం ముగిసే సమయానికి క్రైస్తవ పైలట్లు కొందరు కలిసి మారుమూల ప్రాంతాల మిషనరీల కోసం విమానాలు నడిపే సంస్థ ఒకటి 1945లో మొదలుపెట్టారు. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అని తర్వాత పేరుపొందిన సంస్థ అది. దాని మొదటి పైలట్ ఒక స్త్రీ, బెట్టీ గ్రీన్. 1946లో వేకో అనే రెండంతస్తుల రెక్కల విమానాన్ని ఆమె మెక్సికో తీసుకువెళ్ళింది. అదీ తోకచక్రపు విమానమే. అడవిలో చదును చేసిన ఒక స్థలంలో కొత్త పైలట్‌కు దాన్ని అప్పగించే సందర్భంలో దిగుతుండగా విమానం పక్కకు పోయి ఒక చిన్న కట్టడాన్ని కొట్టుకుంది. కింది రెక్క, చక్రాల కాళ్ళు విరిగాయి. మనుషులు క్షేమం. సంస్థకు ఉన్న ఒక్క విమానం మాత్రం అడవిలో కుంటిదై పడి ఉంది.

బాగుచేయడానికి పంపింది నేట్‌నే. అంటే ఈ పరిచర్యలో ఆయన మొదటి పని ఎగరడం కాదు, ఒకరి దిగుడు చెడితే విరిగిన రెక్కను అతకడం. దుకాణం లేదు, వర్క్‌షాప్ లేదు. చెక్క బద్దలు, గుడ్డ, జిగురు, అందుబాటులో ఉన్న వడ్రంగం, అంతే. విరిగిన ప్రతి బద్దనూ చేత్తో పట్టుకుని చూసినవాడికి, ఒక్క క్షణం ఆదమరపు ఎంత పని పెడుతుందో పుస్తకాల్లో చదవక్కర్లేదు. ఆ రెక్క ఆయనకు బైబిలు కాలేజీ అంత పాఠం చెప్పిందని మేము అనుకుంటాం.

1948 ఫిబ్రవరి 14న మార్జ్‌ను పెళ్ళి చేసుకుని, అదే ఏడు ఇద్దరూ ఈక్వెడార్ చేరారు. షెల్ చమురు కంపెనీ వదిలేసిపోయిన ఒక శిబిరం పక్కన షెల్ మేరా అనే చోట ఇల్లు కట్టుకున్నారు. మన ప్రాంతానికి మిషనరీలు వచ్చిన విధం వేరు. 1874లో నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్ వరకు పడ్డాక తాండూరు, వికారాబాద్ స్టేషన్లయ్యాయి. దిగి ఎద్దుబండి కట్టించుకుంటే ఏ పల్లెకైనా చేరవచ్చు. ఈక్వెడార్ తూర్పు అడవుల్లో రైలు లేదు, బండి బాట లేదు. విమానం కొన్ని నిమిషాల్లో దాటే దూరానికి బురదలో, వాగుల్లో రోజంతా నడవాలి. జబ్బు చేసిన మనిషిని మోసుకొచ్చేలోపు ప్రాణం పోవచ్చు. కాబట్టి అడవిలో ఒక్కో చోట చెట్లు నరికి, మొద్దులు పెకిలించి, చిన్న చిన్న దిగుడు స్థలాలు చేశారు. నేట్ వాటికి మందులు, ఉత్తరాలు, ఇంటి రేకులు, రోగులను మోశాడు. మార్జ్ రేడియో ముందు కూర్చుని ఆయన ఎక్కడ ఉన్నాడో, ఎప్పుడు దిగాడో రాసుకునేది. ఈ పరిచర్యలో సగం ఆ రేడియో బల్లదే.

వచ్చిన ఏడాది ముగియక ముందే దెబ్బ తగిలింది. 1948 డిసెంబరు చివరి రోజుల్లో క్విటో నగరం నుంచి లేచిన ఆయన పసుపుపచ్చ స్టిన్సన్ విమానాన్ని కొండగాలి కిందికి నొక్కేసింది. క్విటో సముద్ర మట్టానికి 2,800 మీటర్లకు పైన ఉంటుంది. గాలి పలచన, రెక్కకు ఊతం తక్కువ. విమానం కూలింది. ఆయనతో ఉన్న ఒక తల్లీ కొడుకూ గాయాలతో బతికారు. నేట్ వెన్నెముక విరిగింది. మార్జ్ అప్పుడు తొలి కాన్పుకు దగ్గరలో ఉంది. ఆయన ఒళ్ళంతా పట్టీ కట్టు.

ఇక్కడ మనవాళ్ళు సాధారణంగా ఒక మాట అంటారు, దేవుని పని మీద పోయేవాడికి ఏమీ కాదని. అయింది. నేట్ దాన్ని సాతాను శోధన అని చెప్పి చేతులు దులుపుకోలేదు. గాలిని, ఎత్తును, బరువును మళ్ళీ లెక్కవేసుకున్నాడు. ప్రార్థన ఆపలేదు, లెక్క ఆపలేదు. ఆ తర్వాతి ఏడేళ్ళలో ఆయన చేసిన కొత్త పనులు రెండూ ప్రమాదాన్ని తగ్గించేందుకు చేసినవే.

మొదటిది ఇంధనం సంగతి. ఒకే ఇంజను ఉన్న విమానానికి అడవి మీద పెట్రోలు అందకపోతే దిగడానికి చోటుండదు. పైనుంచి పచ్చటి దుప్పటిలా కనబడేది నిజానికి వంద అడుగుల చెట్లు. రేకు డబ్బాలతో ఒక చిన్న అదనపు టాంకు చేసి, రెక్క ఊతకమ్మీకి బిగించి, అసలు దారి మూసుకుపోయినా ఇంజనుకు నేరుగా పెట్రోలు అందేలా అమర్చాడు. గాలిలో అసలు సరఫరా ఆపేసి మరీ పరీక్షించాడు. చూడటానికి వంటింటి సామాను. అయితే పనిచేసింది.

రెండోది మరీ తెలివైనది. దిగడమే ప్రమాదమైనప్పుడు దిగకుండా పని జరిగితే? పైనుంచి పొడవాటి తాడు వదిలి, చివర బకెట్ కట్టి, విమానాన్ని గుండ్రంగా తిప్పుతూ పోయాడు. తాడు సుడిలా కిందికి జారి, బకెట్ వలయం మధ్యలో దాదాపు కదలకుండా నిలిచింది. కింద ఉన్నవాళ్ళు అందులో మందులు తీసుకోవచ్చు, ఉత్తరం పెట్టవచ్చు. టెలిఫోను కూడా దింపి మాట్లాడాడు. బావిలో చేద వేసినంత సులువుగా ఆకాశం నుంచి నేలకు చేద వేశాడు. మెడ విరగ్గొట్టుకోవడం విశ్వాసానికి గుర్తు కాదని తెలిసినవాడి పని ఇది.

ఇలాంటి మనిషి కురరాయ్ ఇసుక మీద ఎందుకు దిగాడు?

ఆ అడవుల్లో వావొరానీలు అనే తెగ ఉంది. బయటివాళ్ళు అప్పట్లో వాళ్ళను అవుకాలు అనేవారు, అనాగరికులని అర్థం వచ్చే పేరు. బయటివాళ్ళ మీదే కాదు, తమలో తమకే పగలు. బల్లేలతో చంపుకుని తెగ తగ్గిపోతోంది. చుట్టూ చమురు వెతికేవాళ్ళు చొరబడుతున్నారు. 1955 సెప్టెంబరులో నేట్, అరహూనోలో పనిచేస్తున్న ఎడ్ మెకల్లీ పైనుంచి వాళ్ళ ఇళ్ళను గుర్తించారు. అక్టోబరు నుంచి వారం వారం బకెట్ తాడుతో కానుకలు దింపారు, గిన్నెలు, కత్తులు, బట్టలు. కొన్నాళ్ళకు కిందివాళ్ళూ తిరిగి కట్టి పంపారు, ఈకల తలపట్టీ, ఒకసారి బతికున్న చిలుక. ఆ చిలుక చాలాకాలం సెయింట్ పిల్లల ఇంట్లో పెరిగింది.

దిగాలంటే నది ఒడ్డున ఇసుక మేట తప్ప చోటు లేదు. నేట్ ఆ మేట మీద తక్కువ ఎత్తులో పదేపదే ఎగిరాడు. రంగుపొడి పొట్లాలు వదిలి పొడవు అంచనా వేశాడు. సుమారు 200 గజాలు. ఆయన విమానం పైపర్ ఫ్యామిలీ క్రూజర్, ఇనుప గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పిన నాలుగు సీట్ల తోకచక్రపు బండి. ఇసుక మీద ఇల్లు కట్టినవాణ్ణి బుద్ధిహీనుడితో పోల్చిన ఉపమానం ఆయనకు తెలియనిది కాదు. జనవరి 3 ఉదయం మొదట ఎడ్‌ను ఒక్కణ్ణే ఎక్కించుకుని దిగాడు. ఇసుక అనుకున్నదానికంటే మెత్తగా ఉంది. చక్రాలు కుంగాయి. అయినా ముక్కు మీద పడలేదు. తిరిగి ఒంటరిగా లేవబోతే ఇసుక చక్రాలను వదలలేదు. గుంజుకుని గుంజుకుని చివరకు లేచింది. ఎడ్ ఒక్కడే ఆ ఒడ్డున నిలబడి ఉన్నాడు, ఈసారి విమానం తిరిగి దిగగలదో లేదో తెలియకుండా. నేట్ వచ్చాడు. జిమ్ ఎలియట్‌ను, రోజర్ యూడేరియన్‌ను, చెట్టు మీది గుడిసెకు పలకలను, రేడియోను విడతలుగా తెచ్చాడు.

రాత్రుళ్ళు ముగ్గురు చెట్టు గుడిసెలో పడుకున్నారు. నేట్, పీట్ ఫ్లెమింగ్ మాత్రం ప్రతి సాయంత్రం విమానంతో అరహూనో వెళ్ళిపోయేవారు. ఎక్కడో పైన వాన పడితే నది రాత్రికి రాత్రే పొంగి మేటనూ విమానాన్నీ ఎత్తుకుపోవచ్చు. కాబట్టి రోజుకోసారి ఆ ఇసుకతో మళ్ళీ లెక్క తేల్చుకోవాల్సిందే. ఆ వారమంతా ఒక్క ప్రమాదమూ జరగలేదు. శుక్రవారం ముగ్గురు వావొరానీలు, ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు, ధైర్యంగా వచ్చి కూర్చున్నారు. ఆ మగవాణ్ణి విమానమెక్కించి అతని పల్లె మీదుగా తిప్పాడు నేట్. అతను కిందికి కేకలు వేసి మురిసిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ ప్రయత్నమంతా రహస్యంగా జరిగింది. అక్క రేచెల్‌కు కూడా చెప్పలేదు. రేచెల్ అప్పటికే ఆ తెగ నుంచి పారిపోయి వచ్చిన దయూమ అనే స్త్రీ దగ్గర వాళ్ళ భాష నేర్చుకుంటోంది. ఆ భాష తెలిసిన మనిషి పక్కనే ఉండగా, అయిదుగురూ కొన్ని పొడి మాటలతో వెళ్ళారు. ఇసుకను అంత జాగ్రత్తగా కొలిచినవాడు మనుషుల మనసు కొలవడానికి ఇంకొన్నాళ్ళు ఆగి ఉండాల్సిందని మాకనిపిస్తుంది. శుక్రవారం వచ్చిన ముగ్గురి మధ్య ఉన్న ఇంటి తగాదా వాళ్ళకు తెలిసే వీలే లేదు. ఆ తగాదా నుంచి తప్పించుకోవడానికి అతను పల్లెకు పోయి ఈ తెల్లవాళ్ళు మా మీద పడ్డారని అబద్ధం చెప్పాడని వావొరానీలే తర్వాతి కాలంలో వివరించారు.

జనవరి 8 ఆదివారం మధ్యాహ్నం ఎగురుతూ ఒక గుంపు ఒడ్డుకు వస్తుండటం నేట్ చూశాడు. మార్జ్‌కు రేడియోలో ఆనందంగా చెప్పాడు, మళ్ళీ నాలుగున్నరకు మాట్లాడతానన్నాడు. నాలుగున్నర అయింది, రేడియో పలకలేదు. ఆయన చేతి గడియారం 3.12 దగ్గర ఆగిపోయి దొరికింది. వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి. మనుషుల మీద పేల్చకూడదని ముందే నిర్ణయించుకున్నారు, ఆ నిర్ణయం మీదే నిలబడ్డారు. నేట్ వయసు 32, అయిదుగురిలో పెద్దవాడు ఆయనే. మర్నాడు తోటి పైలట్ జానీ కీనన్ పైనుంచి చూసినప్పుడు విమానానికి గుడ్డ లేదు. చట్రం మాత్రం ఇసుక మీద నిలబడి ఉంది, చక్రాల మీద, సరిగ్గా దించినట్టే.

మార్జ్ చేతిలో ముగ్గురు పిల్లలు, పెద్దదానికి ఏడేళ్ళు. ఆమె ఈక్వెడార్ వదలలేదు. 1958లో రేచెల్, జిమ్ భార్య ఎలిజబెత్, ఆమె చిన్న కూతురు ఆ పల్లెకే వెళ్ళి కాపురమున్నారు. ఈసారి దయూమ ముందు నడిచింది, భాష ముందు నడిచింది, విమానం కాదు. పగలు తగ్గాయి. అంతా మంచే జరిగిందని కూడా అనలేం. బయటి ప్రపంచంతోపాటు జబ్బులూ వచ్చాయి, 1969లో పోలియో ఆ తెగలో ప్రాణాలు తీసింది. చమురు బావుల గొడవ నేటికీ వాళ్ళను వదల్లేదు. ఈ లెక్కలు వేరే తేల్చాల్సినవి.

1965లో నేట్ పిల్లలు క్యాథీ, స్టీవ్ బాప్తిస్మం తీసుకున్నారు. అదే కురరాయ్ నదిలో, అదే ఇసుక మేట దగ్గర. నీళ్ళలో వాళ్ళ చేతులు పట్టుకున్న ఇద్దరూ ఆ ఆదివారం బల్లేలు పట్టుకుని వచ్చినవాళ్ళే. అదే దాడిలో ఉన్న మింకాయే స్టీవ్ పిల్లలకు తాతయ్యగా మెలిగాడు. 2020లో చనిపోయాడు.

విమానపు చట్రాన్ని నది వరదల్లో ఇసుక మింగేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, 1994లో, ప్రవాహం ఒడ్డును కోసినప్పుడు వంగిన గొట్టాలు బయటపడ్డాయి. తవ్వి తీసి అమెరికా తీసుకుపోయారు. ఇడాహో రాష్ట్రంలోని నాంపాలో, నేట్ పనిచేసిన సంస్థ కార్యాలయంలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. రేచెల్ చనిపోయింది కూడా ఆ ఏడాదే.